ఏరుడు బస్సుకు ముందు విజిలక్క

విజిలక్క జీవితంలో మొదటిసారి ఒళ్ళు మరిచి పరుగెత్తింది తన బస్సు వెనకే.

ఆమె సిటీ బస్సులో కండక్టరు. మెడలో నల్లతాడుకు వేలాడే ఇత్తడి విజిలే ఆమెకు ఆ పేరు తెచ్చిపెట్టింది. ఒక్క విజిలంటే ఆపు, రెండు విజిళ్ళంటే పోనీ. ఆ మధ్యాహ్నం ఒక ముసలమ్మ పెద్ద మూటతో దిగలేక అవస్థ పడుతుంటే విజిలక్క తనూ దిగి, మూట అందుకుని, స్టాపులో బెంచీ మీద పెట్టింది. ముసలమ్మ దీవెనలు మొదలుపెట్టింది. అవి సగంలో ఉండగానే బస్సులో ఎవడో ఆకతాయి వేళ్ళు నోట్లో పెట్టుకుని రెండు విజిళ్ళు వేశాడు. డ్రైవరు విన్నాడు, పోనిచ్చాడు.

ఆ డ్రైవర్ని డిపోలో అందరూ బ్రేకు బాబాయి అంటారు. రోడ్డు మీద కాకి వాలినా బ్రేకు మీద కాలేసే మనిషి. అంతటి మనిషికీ ఆ రోజు అడ్డన్నది లేకుండా పోయింది. రోడ్డు ఖాళీ, సిగ్నళ్ళన్నీ పచ్చ, కాకులన్నీ చెట్ల మీద.

విజిలక్క టికెట్ల సంచిని చంకలో బిగించి పరుగు లంఘించుకుంది. వెనక అద్దం దగ్గర జనం మూగారు. "వచ్చేస్తోంది, వచ్చేస్తోంది" అని ఒకడు, "అందదులే" అని ఒకడు, "నీ టికెట్టు నువ్వే కొట్టుకోవాలి ఇక" అని ఇంకొకడు. బస్సు ఆపించాలన్న ఊసే ఎవరికీ లేదు. ఊరికే దొరికిన వినోదాన్ని ఎవరు వదులుకుంటారు? ఆమె మాత్రం ఆ మాటలు వినడం లేదు. యూనిఫాం బూట్లు దబదబ మోగుతున్నాయి, సంచి తుంటిని బాదుతోంది, చెవుల్లో గాలి. తర్వాతి స్టాపులో బస్సు ఆగేసరికి వెనక తలుపు కడ్డీ ఆమె చేతిలో ఉంది.

ఎక్కగానే ముందు రెండు విజిళ్ళు వేసింది. ఆ తర్వాత అడిగింది.

"ఎవడ్రా ఆ రెండో కండక్టరు? ముందు వాడి టికెట్టు చూపించమనండి."

ముందు నుంచి బ్రేకు బాబాయి గొంతు వినిపించింది. "నువ్వు కిందున్నావా అమ్మా? విజిలు వినబడితే నువ్వే అనుకున్నా."

"ఇన్నేళ్ళుగా వింటున్నావు కదా బాబాయ్, నా విజిలు ఏదో, ఊళ్ళోవాళ్ళ విజిలు ఏదో తెలీదా?"

"తప్పయింది. ఇకనుంచి నీ ఇత్తడి మోతకి తప్ప నా బండి కదలదు. సరేనా?"

ఈ గొడవనంతా ఆడవాళ్ళ సీట్లో కూర్చున్న ఒక పొట్టి మనిషి శ్రద్ధగా చూసింది. నెరిసిన పొట్టి జుట్టు, కాన్వాస్ బూట్లు. బళ్ళో డ్రిల్ టీచరుగా రిటైరైంది. విజిలక్క టికెట్టు ఇవ్వడానికి వస్తే చెయ్యి పట్టుకుంది.

"నలభై దాటాయా నీకు?"

"దాటి చాలా స్టాపులైంది టీచరమ్మా."

"స్టాపు నుంచి స్టాపుకు పరిగెత్తుకొచ్చావు, బూతు కూడా ఆయాసం లేకుండా తిట్టావు. నీకు తెలుస్తోందా?"

"నేనేం బూతు తిట్టలేదు."

"తిట్టావు, మెల్లగా. ఆదివారం గ్రౌండుకి రా."

*

విజిలక్క ఇల్లు రెండు గదులు. ముందు గదిలో భర్త మోటార్లకు రాగితీగ చుడతాడు. వెనక గదిలో వంట, పడక, అత్తగారు. అత్తగారు వయసులో నూలు మిల్లులో పనిచేసిన మనిషి. మరల హోరులో మాట వినబడేలా అరవడం అక్కడ అలవాటై, ఇప్పటికీ ఆవిడ గుసగుస నాలుగిళ్ళకు వినబడుతుంది.

"రోజల్లా బస్సులో నిలబడి వస్తావు. మళ్ళీ తెల్లారకుండా పరుగేమిటే? ఎవరైనా తరుముతున్నారా?"

"ఎవరూ తరమకుండా పరిగెత్తితే ఎలా ఉంటుందో చూద్దామని అత్తయ్యా."

"చూడు చూడు. వచ్చేటప్పుడు పాల ప్యాకెట్ తీసుకురా. ఎలాగూ కాళ్ళు ఆడిస్తున్నావు."

భర్త తీగ చుడుతూనే ఆమె కాళ్ళ వైపు చూసి, మర్నాడు ఒక జత పరుగు బూట్లు తెచ్చాడు. ఒక సైజు పెద్దవి. "దూరం వెళ్తే పాదం ఉబ్బుతుందట, కొట్టువాడు చెప్పాడు" అన్నాడు. ఆ మనిషి నోటి నుంచి వచ్చిన ప్రేమ మాటల్లో అది పెద్దది.

మొదట్లో ఆమె పరుగు చూసి డ్రిల్ టీచరు తల పట్టుకుంది. విజిలక్క బస్సు రోడ్డు మీదే సాధన చేసేది. బాగానే అందుకునేది, ఊపు వచ్చేది, అంతలో బస్సు స్టాపు కనిపించగానే కాళ్ళు వాటంతటవే నెమ్మదించి ఆగిపోయేవి. స్టాపులో ఎవరైనా నిలబడి ఉంటే ఇంకా కష్టం. ఎక్కించుకోకుండా వెళ్తున్నానే అని మనసు పీకేది.

"నువ్వు బస్సువి కాదు" అనేది టీచరు, వెనక సైకిల్ మీద వస్తూ.

"తెలుసు టీచరమ్మా. కాళ్ళకి తెలియడం లేదు."

కాళ్ళకు నెమ్మదిగా తెలిసింది. ఒక పొద్దున మంచులో ఆమె స్టాపు వెంట స్టాపు దాటుకుంటూ ఎక్కడా ఆగకుండా వెళ్ళిపోయింది. అదే రోడ్డు, అవే గుంతలు, మూతపడ్డ అవే కొట్లు. అయితే భుజానికి సంచి లేదు, ముందుకు జరగండి ముందుకు జరగండి అని గొంతు చించుకునే పని లేదు, ఒక్క మోచెయ్యీ డొక్కలో పొడవడం లేదు. రోడ్డంతా తనదే. రోజూ వందల మందిని ఎక్కడికో చేర్చే మనిషికి తను ఒక్కతే ఎక్కడికో వెళ్తోందన్న సంగతి నవ్వు తెప్పించింది. పరుగెత్తుతూనే పైకి నవ్వింది. పాలబండి అతను భయపడి పక్కకు తప్పుకున్నాడు.

ఆ రోజే నిర్ణయించుకుంది. ఏటా జరిగే నగర పరుగులో పాల్గొంటుంది. ఇరవై ఒక్క కిలోమీటర్లు. దారి కూడా తన బస్సు రూటే. బయలుదేరేది డిపో దగ్గర, ముగిసేది చివరి స్టాపులో.

డిపో అంతా గుప్పుమంది. పోటీ చివర నడిపే బస్సు కూడా తమ డిపోదే. పరుగెత్తలేక వెనకబడిపోయిన వాళ్ళను ఎక్కించుకుంటూ అది నడక వేగంతో వస్తుంది. దాన్ని డిపోలో ఏరుడు బస్సు అంటారు. అది ఎవరిని దాటిపోతే వాళ్ళకు పోటీ ముగిసినట్టే. ఆ డ్యూటీ బ్రేకు బాబాయిదే. అంత మెల్లగా నడపడం ఆయనకు తప్ప ఎవరికీ చేతకాదు.

"నా బండి ఎక్కవు కదా అమ్మా?" అని అడిగాడు ముందురోజు.

"ఎక్కితే టికెట్టు కొట్టు బాబాయ్."

*

గంట మోగింది. జనం వరదలా కదిలారు. విజిలక్క గుండె గొంతులోకి వచ్చి కూర్చుంది. చొక్కా మీద అంకె, పక్కన ముక్కూ మొహం తెలియని వేలమంది, పక్క మేడల మీద నుంచి చప్పట్లు. తను టికెట్లు కొట్టే రోడ్డే ఇదా అనిపించింది.

మొదటి కూడలిలో చిన్న ప్రమాదం జరిగింది. అడ్డం వచ్చే బళ్ళను ఆపడానికి అక్కడి కుర్రవాడు ఒక్క విజిలు వేశాడు. విజిలక్క ఠక్కున ఆగింది. వెనకున్నవాళ్ళు వచ్చి ఆమె వీపుకు గుద్దుకున్నారు. "ఆగావేంటమ్మా?" అని ఎవరో కసిరారు. "ఒక్క విజిలు వేశాడుగా" అంది. వాళ్ళకు అర్థం కాలేదు. ఆమెకే నవ్వు వచ్చి మళ్ళీ అందుకుంది.

సగం దూరం దాకా ఏ బాధా లేదు. దారి పొడుగునా బల్లల మీద నీళ్ళ గ్లాసులు. పరుగెత్తేవాళ్ళు అందుకుని సగం తాగి సగం నెత్తిన పోసుకుంటున్నారు. ఆమె ఒక్క బల్ల వైపూ చూడలేదు. దాహం వెయ్యలేదని కాదు. పనిలో ఉన్నప్పుడు నీళ్ళ వైపు చూడకపోవడం ఆమెకు ఊపిరి తీసినంత మామూలు.

ఎండ ఎక్కింది. ముందు పెదవులు పిడచగట్టాయి. తర్వాత పిక్కల్లో ఎవరో మరలు బిగిస్తున్నట్టు నొప్పి. ఇంకా నాలుగు స్టాపులు ఉన్నాయనగా కుడికాలు కొయ్యబారింది. స్టాపు బెంచీ పట్టుకుని నిలబడదామంటే ఎడమకాలు కూడా అదే దారి పట్టింది. బెంచీ మీద కూలబడింది. ఏ ముసలమ్మ మూట ఆమె మోసి పెట్టిందో అదే బెంచీ.

కాసేపటికి వెనక నుంచి తెలిసిన ఇంజను మోత. తలుపు ఆమె ముందుకు వచ్చి ఆగింది. బ్రేకు బాబాయి దిగి వచ్చాడు. నిన్నటి హాస్యం ఆయన మొహంలో లేదు.

"ఎక్కమ్మా."

"రెండు నిమిషాలు ఆగు బాబాయ్. సర్దుకుంటుంది."

"సర్దుకోదు. నీ పెదాలు తెల్లగా అయిపోయాయి. ఎక్కు."

ఆ బస్సులో విజిలక్క మొదటిసారి ప్రయాణికురాలిగా కూర్చుంది. కిటికీ పక్క సీటు. చివరి స్టాపులో డిపోవాళ్ళంతా పూలమాల పట్టుకుని నిలబడ్డారు. ఏరుడు బస్సులోంచి ఆమె దిగడం చూసి ఆ మాలను ఎక్కడ దాచాలో తెలియక ఒకరి వెనక ఒకరు తిప్పారు. చివరికి అది అక్కడ తిరుగుతున్న ఒక మేకకు దొరికింది.

*

డ్రిల్ టీచరు మర్నాడే ఇంటికి వచ్చింది. మంచం పక్కన కూర్చుని పిక్కలు ఒత్తి చూసింది.

"నీళ్ళు ఎక్కడెక్కడ తాగావు?"

"ఎక్కడా తాగలేదు."

"బల్లలు కనిపించలేదా?"

"కనిపించాయి. పనిలో నేను తాగను టీచరమ్మా."

"అది పని కాదు కదా."

 అంతవరకూ విజిలక్కను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, తనూ వేసుకోలేదు. చివరి స్టాపులో బస్సు తిరిగే చోట మగవాళ్ళకు గోడ ఉంది. ఆడవాళ్ళకు ఏమీ లేదు. అందుకని ఇంటి దగ్గర బయలుదేరే ముందు గొంతు తడుపుకోవడం, మళ్ళీ ఇంటికి చేరాకే నీళ్ళు తాగడం. ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత కండక్టరమ్మ నేర్పిన మొదటి పాఠం అదే. టికెట్టు కొట్టడం రెండోది.

"అందరూ అంతేనా?" అంది టీచరు.

"అందరమూ."

"మరి ఒంట్లో?"

"మంట, జ్వరం. వస్తాయి, పోతాయి. ఒకావిడకి మూత్రపిండాల దాకా వెళ్ళింది."

పొయ్యి దగ్గర నుంచి అత్తగారు తన నాలుగిళ్ళ గొంతుతో అందుకుంది. "మా మిల్లులో కూడా అంతేనమ్మా. గుక్కెడు తాగితే సూపర్‌వైజరు గడియారం చూసేవాడు. నేను ఒళ్ళు పాడుచేసుకుని బయటపడ్డాను. ఇది అదే నేర్చుకుంటోందని నాకేం తెలుసు? పరుగని వెక్కిరించాను కానీ, దాహం సంగతి అడగనే లేదు."

దీన్ని ఓర్పు అని మెచ్చుకునే మహానుభావులు చాలామంది ఉన్నారు. ఆడవాళ్ళు ఎంత నిగ్రహంగా ఉంటారో అని. నిగ్రహం కాదు, దెబ్బ. గాయం కనబడదు కాబట్టి దానికి మంచి పేరు పెట్టారు, అంతే.

"పరుగు మళ్ళీ నేర్పనక్కర్లేదు నీకు. నీళ్ళు తాగడం నేర్పాలి. డ్యూటీలోనే మొదలుపెట్టు" అంది టీచరు లేస్తూ.

చెప్పినంత తేలిక కాదు. తాగితే వెళ్ళాలి, వెళ్ళాలంటే చోటుండాలి. మొదటిరోజు చివరి స్టాపు పక్క ఇంటి తలుపు తట్టింది. ఆ ఇంటావిడ మొహమాటపడి రానిచ్చింది. రెండో రోజు ఆ ఇంటాయన, "ఇదేమైనా బస్టాండా?" అన్నాడు. మూడో రోజు విజిలక్క కండక్టరమ్మలందరినీ డిపో విశ్రాంతి గదిలో కూర్చోబెట్టింది. ఒక్కొక్కరు నోరు విప్పారు. ఒకరి మాట ఒకరు వింటూ ముందు నవ్వుకున్నారు, తర్వాత ఏడ్చారు, ఆ తర్వాత అందరికీ అరికాలి మంట నెత్తికెక్కింది. గుంపుగా లేచి మేనేజరు గదికి వెళ్ళారు.

"చివరి స్టాపులో ఆడవాళ్ళకి టాయిలెట్ కావాలి సార్" అంది విజిలక్క.

"ఆ స్థలం మనది కాదమ్మా."

"అక్కడ రోజల్లా తిరిగే మనుషులు మీవాళ్ళే కదా సార్."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "నువ్వేగా పరుగు పందెంలో పాల్గొన్నది? ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెత్తగలవు, ఒక్క ట్రిప్పు ఓర్చుకోలేవా?"

పక్కన నిలబడ్డ గుమాస్తా ముసిముసిగా నవ్వాడు. "పరిగెత్తిందెక్కడ సార్. మన బస్సే మోసుకొచ్చింది."

"అదీ సంగతి" అన్నాడు మేనేజరు, ఉత్సాహం వచ్చి. "ముందు అది పూర్తిచేసి రా. అప్పుడు టాయిలెట్ గురించి మాట్లాడదాం. నేనే కట్టిస్తా."

"మాటేనా సార్?"

"మాటే."

"విన్నారుగా" అంది విజిలక్క వెనక్కి తిరిగి. కండక్టరమ్మలందరూ విన్నామన్నారు. ఇంత మంది వింటారని అప్పటిదాకా మేనేజరుకు తోచినట్టు లేదు.

*

ఆ ఏడాది విజిలక్క సాధన చూసినవాళ్ళకు పూనకం వచ్చిందనిపించింది. రెండో షిఫ్టు ఉంటే పొద్దున్నే, మొదటి షిఫ్టు ఉంటే సాయంత్రం. వానలో పరుగెత్తింది. మడమ బెణికితే భర్త మోటారు తీగ చుట్టే ఓపికతో కట్టు కట్టాడు. తగ్గీ తగ్గకుండానే లేస్తే డ్రిల్ టీచరు సైకిల్ అడ్డం పెట్టి ఇంటికి పంపింది. ఒక నెలలో దూరం పెరిగింది, మరుసటి నెలలో పడిపోయింది. మోకాలు వాచినప్పుడు ఇక నావల్ల కాదని బూట్లు అటక మీదకు విసిరింది. అత్తగారు కుర్చీ వేసుకుని ఎక్కి వాటిని కిందికి దించింది.

"దిగు అత్తయ్యా, పడతావు."

"పడితే నువ్వు పరిగెత్తుకొచ్చి పట్టుకో. లేకపోతే ఆ పరుగెందుకు?"

నీళ్ళు తాగడం కూడా సాధనలో భాగమే. మిగతా కండక్టరమ్మలు వంతులవారీగా తోడొచ్చేవారు. చివరి స్టాపులో ఖాళీ బస్సు తలుపులు మూసి, కిటికీలకు గుడ్డలు కట్టి, బకెట్టు పెట్టి, ఒకరు కాపలా. అవమానంగానే ఉండేది. అవమానపడాల్సింది ఎవరో తెలుసు కాబట్టి కాస్త జోకులేసుకుంటూ గడిపారు.

పోటీ ముందురోజు అత్తగారు పరుగు చొక్కా తెచ్చి ఇచ్చింది. వీపు మీద ఎర్రదారంతో పెద్ద అక్షరాలు కుట్టి ఉన్నాయి: చివరి స్టాపులో టాయిలెట్ లేదు.

"ఏరుడు బస్సు ఎక్కావో, ఈ చొక్కా నవ్వులపాలు. తర్వాత నీ ఇష్టం" అంది.

*

ఈసారి గంట మోగినప్పుడు విజిలక్క గుండె గొంతులోకి రాలేదు. ఉన్నచోటే ఉండి డప్పులా మోగింది. కూడలిలో కుర్రవాడు ఒక్క విజిలు వేశాడు. కాలు ఒక క్షణం తడబడింది, అంతే. "నాకు కాదు, నాకు కాదు" అని దానికి చెప్పుకుంటూ దాటేసింది.

ప్రతి బల్ల దగ్గరా నీళ్ళు తాగింది. చొక్కా వెనక చదివినవాళ్ళు పక్కకు వచ్చి అడుగుతున్నారు. "నిజంగా లేదా అక్కా?" "పరిగెత్తి వెళ్ళి చూద్దాం పద" అంటోంది. ఊపిరి ఉంది, మాట ఉంది, కాళ్ళు ఉన్నాయి. ఆ ముసలమ్మ బెంచీ వచ్చింది, పోయింది. బెంచీని చూసి చెయ్యి ఊపింది కూడా.

ఇంకా మూడు స్టాపులు ఉన్నాయనగా కడుపు కింద బరువు తెలిసింది. తాగిన నీళ్ళు తమ సంగతి చెబుతున్నాయి. ఇన్నేళ్ళ అలవాటు వెంటనే అందుకుంది: బిగబట్టు, ఎంతలే. సరిగ్గా అప్పుడే రోడ్డు పక్కన అవి కనిపించాయి. నీలం ప్లాస్టిక్ డబ్బాల్లాంటి గదులు, వరసగా, తలుపుల మీద ఆడ బొమ్మ, మగ బొమ్మ. పరుగెత్తేవాళ్ళ కోసం పెట్టిన టాయిలెట్లు. కిందటేడు కూడా ఉండే ఉంటాయి. అప్పుడు వాటి అవసరమే లేని దాహంతో, బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆమె వాటిని దాటిపోయింది.

ఒక్క పూట సరదాకి పరుగెత్తేవాళ్ళ కోసం వారం ముందే ఈ ఏర్పాటు చేయగలిగారు. ఏడాది పొడుగునా అదే రోడ్డు మీద పనిచేసేవాళ్ళకు మాత్రం స్థలం మనది కాదు. ఆమెకు ఒళ్ళు భగ్గుమంది. బిగబట్టి పరుగెత్తితే మేనేజరు చెప్పిందే నిజమవుతుంది, ఓర్చుకోగలవు కదా అని. విజిలక్క పరుగు ఆపి వరసలో నిలబడింది.

వరస కదలడం లేదు. తన ముందు నలుగురు. దూరంగా ఇంజను మోత. ఇద్దరు. మోత దగ్గరైంది. ఆమె లోపలికి వెళ్ళి బయటకు వచ్చేసరికి ఏరుడు బస్సు ముక్కు ఆమె భుజానికి సమంగా ఉంది. కిటికీల్లోంచి అలిసిపోయిన మొహాలు చూస్తున్నాయి.

"అమ్మా" అన్నాడు బ్రేకు బాబాయి, స్టీరింగు మీద వంగి.

"నా కోసం బ్రేకు వెయ్యకు బాబాయ్. వేశావని తెలిస్తే మాట్లాడను."

"నీ కోసం ఎందుకు వేస్తాను. నా వేగం నాది. పో ముందు."

ఆమె పోయింది. కాళ్ళు తేలికగా ఉన్నాయి. బస్సు ముక్కు వెనకబడింది, మళ్ళీ చేరువైంది. ఒక ఎత్తు వచ్చింది. రోజూ ఆ ఎత్తెక్కేటప్పుడు బస్సు మూలిగేది, ఇప్పుడు ఆమె మూలిగింది. పిక్కలో పాత మర ఒకటి తిరగడం మొదలైంది. వెనక మోత చెవి పక్కనే ఉన్నట్టుంది. బస్సులో కూర్చున్నవాళ్ళు కిటికీల్లోంచి సగం బయటికి వచ్చి, తమను తరిమి పట్టుకున్న బస్సులోనే కూర్చుని, "దొరక్కు అక్కా, దొరక్కు" అని అరుస్తున్నారు.

ఎత్తు మీదికి వచ్చేసరికి ముందు చివరి స్టాపు కనిపించింది. ముగింపు గీత దగ్గర కండక్టరమ్మలంతా యూనిఫాంలో బారులు తీరారు. వాళ్ళ మధ్య అత్తగారు, భర్త, డ్రిల్ టీచరు. అందరి మెడల్లోనూ విజిళ్ళు. అత్తగారికి కూడా ఎవరో ఒకటి ఇచ్చినట్టున్నారు. వీపు మీద ఎర్ర అక్షరాలు మోస్తూ వచ్చే మనిషిని చూడగానే వాళ్ళంతా ఒక్కసారిగా ఊదారు. రెండు విజిళ్ళు. మళ్ళీ రెండు. మళ్ళీ రెండు.

జీవితమంతా ఆ మోత ఆమె వేరేవాళ్ళ కోసం వేసింది. తన కోసం ఎవరూ వెయ్యలేదు. కాళ్ళు విన్నాయి. పిక్కలో మర ఎటు పోయిందో, గుండెలో డప్పు ఎంత పెద్దదైందో, ఆమెకు గుర్తున్నది ఒక్కటే, గీత దాటాక కూడా ఆగడం తెలియక అత్తగారిని గుద్దుకోవడం.

"ఆగవే, బస్సువి కాదు" అంది అత్తగారు, ఇద్దరూ కిందపడకుండా పట్టుకుని.

ఏరుడు బస్సు గీత దగ్గరకు వచ్చేసరికి ఆమె మెడలో పతకం పడింది. వేసింది మేనేజరే. డిపో బస్సు ఇచ్చినందుకు ఆయన్ను వేదిక మీద నిలబెట్టారు.

"పూర్తి చేశాను సార్. ఎప్పుడు మొదలుపెడతారు?"

ఆయన కెమెరాల వైపు నవ్వుతూ పళ్ళ మధ్య నుంచి మాట్లాడాడు. "చూద్దామమ్మా. ఫైలు పెట్టాలి. పై నుంచి రావాలి. ఇప్పుడే కదా వచ్చావు, రెస్టు తీసుకో."

అలాంటి చూద్దాం ఎక్కడికి పోతుందో ఉద్యోగం చేసిన ప్రతివాళ్ళకూ తెలుసు. అదే సమయానికి ముగింపు దగ్గర పెట్టిన నీలం డబ్బాలను లారీలో ఎక్కిస్తున్నారు. పోటీ అయిపోయింది, డబ్బాల పని అయిపోయింది. మిగతావన్నీ ఎక్కాయి, చివరిది కూడా ఎక్కించబోతున్నారు. లారీ డ్రైవరు ఇంజను వేసి ఉంచాడు.

విజిలక్క కుంటుకుంటూ వెళ్ళి ఆ డబ్బాకు వీపు ఆనించి నిలబడింది. మెడలో పతకం పక్కకు తోసి, ఇత్తడి విజిలు నోట పెట్టుకుని, ఊదింది.

ఒక్కటి.

కూలీల చేతులు ఆగాయి. లారీ డ్రైవరు తల బయటపెట్టాడు. కండక్టరమ్మలు ఒక్కొక్కరూ వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. అత్తగారు డబ్బా తలుపు తీసి, లోపలికి వెళ్ళి, గడియ వేసుకుంది. ఇక దాన్ని ఎత్తేదెవరు?

"ఏమిటిది, అడ్డం లేవండి" అన్నాడు మేనేజరు పరుగున వచ్చి.

"మీ మాట నిలబడేదాకా ఇది నిలబడుతుంది సార్" అంది విజిలక్క.

"లారీ తియ్యవయ్యా నువ్వు. మిగతావి తీసుకుని పో."

లారీ డ్రైవరు ముందుకు చూపించాడు. లారీ వెళ్ళే దారికి అడ్డంగా, ఆ చివర నుంచి ఈ చివరకు, ఏరుడు బస్సు ఆగి ఉంది. బ్రేకు బాబాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వెనక సీట్లలో ఓడిపోయినవాళ్ళు అంత సంతోషంగా ఎన్నడూ ఉండి ఉండరు.

"బస్సు తియ్యవయ్యా."

"తియ్యకూడదు సార్. ఒక్క విజిలు పడింది. రెండు పడితే గానీ బండి కదిలించకూడదు. రూలు మీదే, గోడ మీద రాయించారు."

"నేను చెప్తున్నాగా. ఎవరైనా విజిలు వెయ్యండి."

గుమాస్తా రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని రెండు విజిళ్ళు వేశాడు. బ్రేకు బాబాయి కదల్లేదు.

"అది మా కండక్టరు విజిలు కాదు సార్. ఒకసారి మోసపోయాను."

పతకాలు వేసుకున్నవాళ్ళు, నీళ్ళు పోసేవాళ్ళు, కెమెరాలవాళ్ళు అందరూ చుట్టూ చేరారు. ఎవరో విజిలక్క వీపు మీది అక్షరాలు పైకి చదివారు. ఇంకెవరో అందుకున్నారు. మేనేజరు చుట్టూ చూశాడు, కెమెరాలు చూశాడు, చెమట తుడుచుకున్నాడు. డబ్బాల కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, అందరూ వినేలా చెప్పాడు. ఈ ఒక్కటీ ఇక్కడే ఉంటుంది, అద్దె డిపోది, గోడలు లేచి తలుపు బిగించేదాకా.

"రేపే పునాది తీయిస్తా. సరేనా? ఇప్పుడైనా బస్సు తీయించమ్మా."

విజిలక్క డబ్బా తలుపు తట్టింది. "అత్తయ్యా, విన్నావా?"

లోపలి నుంచి నాలుగిళ్ళ గొంతు వినిపించింది. "విన్నాను. నీళ్ళు లేవిందులో. నీళ్ళ సంగతి కూడా అడుగు."

"నీళ్ళు కూడా" అన్నాడు మేనేజరు.

అప్పుడు విజిలక్క ఊపిరి నిండా పీల్చుకుంది. పొద్దుటి నుంచి పరుగెత్తిన ఊపిరి, ఇంకా చాలా మిగిలే ఉంది. బస్సు వైపు తిరిగి రెండు విజిళ్ళు వేసింది. బ్రేకు బాబాయి విన్నాడు, పోనిచ్చాడు.